వాయించేవాడి వాటా

పాస్టరు గారి పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారో మా సంఘంలో అందరికీ తెలుసు. ట్రెజరరు గారికి షుగరు ఎంతుందో తెలుసు. స్త్రీల సమాజం ప్రెసిడెంటు గారి కోడలిది ఏ ఊరో, ఆ సంబంధం ఎవరు కుదిర్చారో కూడా తెలుసు. ప్రతి ఆదివారం మన కళ్ళెదురుగా కూర్చుని, మొదటి పాట నుంచి దీవెన ప్రార్థన దాకా కీబోర్డు వాయించే కుర్రాడి సంగతి అడిగితే మాత్రం "బాగా వాయిస్తాడండీ" అనేసి ఊరుకుంటాం. వాళ్ళిల్లు ఎక్కడ, వారమంతా ఏం పని చేస్తాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఆదివారం పొద్దున్న తిని వచ్చాడా లేదా, ఇవేవీ మనకి పట్టవు. మా విజయనగరంలోనే ఇలా అనుకోకండి. బొబ్బిలి, సాలూరు, గజపతినగరం, అటు ఆమదాలవలస, టెక్కలి, పెళ్ళిళ్ళకనీ కన్వెన్షన్లకనీ నేను వెళ్ళిన చర్చిలన్నిట్లోనూ ఇదే తీరు చూశాను. స్టేజీ మీద పాడేవాళ్ళ పేర్లు బ్యానరు మీద ఫొటోలతో సహా ఉంటాయి. వాయించేవాడు "కీబోర్డు బ్రదర్" అంతే.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. సంఘంలో వాయించేవాణ్ణి మనిషిగా ఎరగాలి. ఎరిగాక అతనికి సంఘం బడ్జెట్టులో ఒక పద్దు పెట్టాలి. మొదటిది మర్యాద, రెండోది డబ్బు వ్యవహారం అని విడదీసి మాట్లాడేవాళ్ళున్నారు. నా లెక్కలో ఆ రెండూ ఒకటే పని. ఒక మనిషిని నిజంగా ఎరిగితే అతని కష్టం ఎంతో కూడా తెలిసిపోతుంది. తెలిశాక ఊరికే కూర్చోలేం.

నేను క్వయిరులో పాడతాను. ఆడవాళ్ళ వరసలో చివరిదాన్ని కాబట్టి కీబోర్డు స్టాండు నా మోచేతికి ఆనుకునే ఉంటుంది. అలా పరిచయమయ్యాడు ఆ తమ్ముడు. పేరు రాయను, రాయొద్దని అతనే అన్నాడు. "నా పేరెందుకక్కా? రాస్తే ఇదంతా నా కోసం నానే సెప్పించుకున్నట్టుంటాది" అన్నాడు. అందుకని తమ్ముడనే రాస్తాను, నేను పిలిచేదీ అలాగే.

అతను చేసే పనేమిటో అర్థం కావాలంటే ఆరాధన మధ్యలో ఎవరో ఒకరు ఉన్నట్టుండి పాట ఎత్తుకునే ఘడియ చూడాలి. మా చర్చిలో ఒక మామ్మగారున్నారు. సాక్ష్యం చెప్పడం అవగానే కళ్ళు మూసుకుని పాత కీర్తన ఒకటి ఎత్తుకుంటారు. ఆవిడకి శృతి పెట్టె అక్కర్లేదు, ఆవిడ గొంతు ఎక్కడ పడితే అదే శృతి. ఆ గొంతు ఒక్కోసారి సరిగ్గా సి షార్పుకీ డికీ మధ్యలో పడుతుంది. కీబోర్డు మీద అక్కడ మీట లేదు. కొత్తగా నేర్చుకున్న కుర్రాళ్ళయితే వెంటనే టకటకా నాలుగు మీటలు కొట్టి వెతుకుతారు. ఆ వెతుకులాట స్పీకర్లలోంచి చర్చంతా వినబడుతుంది, మామ్మగారు తడబడతారు, పాట కాస్తా చెదిరిపోతుంది. తమ్ముడు అలా చెయ్యడు. ముందు వాల్యూము బాగా తగ్గించేస్తాడు. పల్లవి మొదటిసారి అయ్యేదాకా మీట ముట్టుకోడు, తల కొంచెం వంచి వింటాడంతే. రెండోసారి పల్లవికి జనం గొంతు కలుపుతారు. వందమంది కలిసేసరికి శృతి ఏదో ఒక పక్కకి ఒరుగుతుంది, మా దగ్గర ఎక్కువగా కిందికే. అది ఒరిగిన వైపు చూసుకుని ఎడమ చేత్తో సా, పా రెండే రెండు స్వరాలు సన్నగా పట్టుకుంటాడు. వాల్యూము ఎప్పుడు పెరిగిందో ఎవరికీ తెలీదు. మామ్మగారికైతే కీబోర్డు తన వెంట వచ్చిందన్న సంగతే తెలీదు, తను పాడుకుంటూ పోతారు.

"శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటను నొక్కితే సరిపోదేటి?" అని ఒకసారి అడిగాను.

"సరిపోతాదక్కా. గానీ ఎంత నొక్కాలో ముందు సెవికి తెలాలి కదా" అన్నాడు.

ఇది నేర్పు. ప్రార్థన చేసుకుంటే రాత్రికి రాత్రి వచ్చేది కాదు. దినవృత్తాంతములు మొదటి గ్రంథం 15వ అధ్యాయంలో లేవీయుల పెద్ద కెనన్యా పాటలో ప్రవీణుడు కాబట్టే అతన్ని పాట నడిపించే పనికి పెట్టారని రాసుంది. భక్తిపరుడు కాబట్టి అని చెప్పి అక్కడితో వదిలెయ్యలేదు, పని వచ్చినవాడు కాబట్టి అని చెప్పింది. మనం మాత్రం వాయించేవాణ్ణి పొగడాల్సి వస్తే "అభిషేకంతో వాయించాడు" అంటాం. అంటే అతను పడ్డ శ్రమ లెక్కలోకి రాలేదన్నమాట. అభిషేకం దేవుడిచ్చేది, అందులో నాకు అనుమానం లేదు. సాధన మాత్రం ఆ కుర్రాడు తన నిద్ర మానుకుని చేసినది.

మన పాత కీర్తనలు వాయించడం ఎంత కష్టమో చాలామందికి తెలీదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి చూడండి, చాలా కీర్తనల నెత్తిమీద రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. మనం ఆ వరస చూడకుండా నంబరు మాత్రం చూసుకుని పాడేస్తాం. ఈ కీర్తనల వెనక మన ఉత్తరాంధ్ర చరిత్ర ఉంది. 1805లో లండన్ మిషనువాళ్ళు విశాఖపట్నంలో దిగారు. తరవాత కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం, పాలకొండ, టెక్కలిలో స్థావరాలు పెట్టారు. కానీ మన చర్చికి పాట ఇచ్చింది ఓడల్లో వచ్చినవాళ్ళు కాదు. 1803లో పర్లాకిమిడి దగ్గర పుట్టి 1890 దాకా బతికిన పురుషోత్తమ చౌదరి గారు వందకు పైబడి కీర్తనలు రాశారు. పల్లవి, చరణాలు, రాగం, తాళం, అన్నీ ఇక్కడి కచేరీ సంప్రదాయం, భజన సంప్రదాయం తెలిసిన చెవితో కట్టినవి.

ఇప్పుడు ఆ కీర్తనల్లో నాదనామక్రియ రాగంలో ఉన్నది ఒకటి తీసుకోండి. మాయామాళవగౌళలోంచి పుట్టిన రాగం అది. మాయామాళవగౌళ అంటే సంగీతం నేర్చుకునే పిల్లలందరూ సరళీ వరసలు మొదలుపెట్టే రాగమే. సి మీద సా పెట్టుకుంటే ఇందులో రిషభం డి ఫ్లాట్, ధైవతం ఎ ఫ్లాట్. యూట్యూబులో కార్డులు (మూడు స్వరాలు కలిపి ఒకేసారి నొక్కే పద్ధతి) చూసి నేర్చుకున్న కుర్రాడు అలవాటుకొద్దీ సి మేజరు, ఎఫ్ మేజరు, జి మేజరు పట్టుకుంటాడు. ఎఫ్ మేజరులో ఎ ఉంది, రాగంలో ఉన్నది ఎ ఫ్లాట్. జి మేజరులో డి ఉంది, రాగంలో ఉన్నది డి ఫ్లాట్. అంటే పాడేవాళ్ళ గొంతూ వాయించేవాడి చెయ్యీ చరణం చరణానికీ కొట్టుకుంటాయి. చివరికి గెలిచేది ఎవరు? స్పీకరే. జనం తెలియకుండానే కార్డుల వైపు జరిగిపోతారు. రాగం పోయి అదేదో మామూలు పాట మిగులుతుంది. ఇలా మన చర్చిల్లో ఎన్ని కీర్తనలు అసలు రూపం పోగొట్టుకున్నాయో చెవి ఉన్నవాళ్ళకి తెలుసు. నాకు ఇది నిజంగా బాధ.

తమ్ముడు ఆ కీర్తనకి ఎఫ్ మేజరు బదులు ఎ ఫ్లాట్ ఉన్న ఎఫ్ మైనరు పడతాడు, జి దగ్గర కార్డు వదిలేసి పంచమం ఒక్కటే మోగిస్తాడు. ఎవరు నేర్పారని అడిగితే వాళ్ళ ఊళ్ళో పద్యనాటకాలకి హార్మోనియం పట్టే పెద్దాయన పేరు చెప్పాడు. ఆయన చర్చికి వచ్చేవాడు కాదు. చిన్నప్పుడు వీళ్ళ పల్లె చర్చిలో హార్మోనియం చెడిపోతే బాగు చెయ్యడానికి వచ్చి, వెనకాల నిలబడి చూస్తున్న ఈ పిల్లాణ్ణి పిలిచి సరిగమలు చూపించాడట. తరవాత సాయంత్రాలు వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి నేర్పాడు. డబ్బు తీసుకోలేదు. సంక్రాంతికి వీళ్ళమ్మ అరిసెలు చేసి పంపిస్తే తీసుకునేవాడట. ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు. అదే పెట్టె మన పల్లెల్లో చర్చిలోనూ మోగింది, నాటకం తెర పక్కనా మోగింది. ఒకే మనిషి రెంటికీ మెట్లు సరిచేసిపెట్టాడు. కీబోర్డు మన సంస్కృతి కాదనే వాళ్ళకి నేను వేరే జవాబు చెప్పక్కర్లేదు. మన విజయనగరంలోనే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వాయించిన వయొలిన్ ఎక్కడినుంచి వచ్చిందో చూసుకుంటే చాలు.

ఇంక అతని వారం సంగతి. తమ్ముడు ఇళ్ళకి వైరింగు చేస్తాడు. సొంత కాంట్రాక్టు కాదు, ఒక మేస్త్రీ దగ్గర రోజు కూలీకి వెళ్తాడు. వైరింగంటే స్విచ్చులు బిగించడమే కాదు, ముందు గోడలు గాడి కొట్టాలి. సుత్తి, ఉలి, ఈమధ్య కట్టరు మిషను. అది పట్టుకుని రోజంతా గోడ కోస్తే సాయంత్రానికి మణికట్టు దగ్గర నరాలు జిల్లుమంటాయి, వేళ్ళు చెప్పిన మాట వినవు. మర్నాడు పొద్దున్న కూడా ఆ తిమ్మిరి పోదు. అందుకని శనివారం గాడి కొట్టే పని ఒప్పుకోడు. మేస్త్రీ దగ్గర శనివారం వేరే పని ఉంటే వెళ్తాడు, లేదంటే ఆ రోజు కూలీ పోయినట్టే. మన చర్చికి "ఉచితంగా" వాయిస్తున్నాడని మనం అనుకునే మనిషి చాలా వారాలు తన జేబులోంచి ఒక రోజు కూలీ ఇస్తున్నాడు. ఈ మాట నాకు అతను చెప్పలేదు. వాళ్ళమ్మ చెప్పింది, నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు. "సనివారం ఇంటికాడే ఉంటాడమ్మా, సెయ్యి బాగుండాలంతాడు" అంది. ఆవిడ దాన్ని ఫిర్యాదులా చెప్పలేదు. కొడుకు అలవాటు చెప్పింది, అంతే.

దీనికి తోడు శనివారం రాత్రి ప్రాక్టీసు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో ఎవరింట్లోనైనా గృహప్రవేశం, పుట్టినరోజు కృతజ్ఞత కూడిక, భూస్థాపన అయ్యాక జ్ఞాపకార్థ కూడిక. డిసెంబరు వచ్చిందంటే చెప్పక్కర్లేదు. సెమీ క్రిస్మస్‌లు మొదటి వారంలోనే మొదలవుతాయి. పేటపేటకీ క్యారల్సు, 24 రాత్రి ఆరాధన, 25 పొద్దున్న ఆరాధన, 31 రాత్రి కొత్త సంవత్సరం కూడిక. మనకి పండగ, అతనికి పని. మన ఇంట్లో పిల్లలు కొత్త బట్టలు చూపించుకుంటున్న వేళకి ఆ తమ్ముడు వైర్లు చుట్టుకుంటూ ఉంటాడు. ఇంతకీ చేతిలో పడేదేమిటంటే "పెట్రోలుకి ఉంచు బాబూ" అని ఎవరో పెద్దమనిషి ఇచ్చే వందో రెండొందలో. పెట్టినవాళ్ళ మనసు మంచిదే. కానీ అది దయ. దయ మీద ఎవరూ ఇల్లు నడపలేరు, ఎవరి దయ ఏ వారం గుర్తొస్తుందో తెలీదు కదా.

ప్రభువు బల్ల రోజు ఒకటి చెప్పాలి. రొట్టె, ద్రాక్షరసం పంచుతున్నంతసేపూ సంగీతం ఆగకూడదని మా దగ్గర అలవాటు. డీకన్లు (సంఘ పరిచారకులు) పళ్ళేలు పట్టుకుని వరస వరసకీ వెళ్తారు. తమ్ముడు వాయిస్తూనే ఉంటాడు. పళ్ళెం అతని దగ్గరికి వచ్చేసరికి ఎడమ చేత్తో ఒక కార్డు పట్టుకుని, మోత ఆగకుండా పట్టి ఉంచే సస్టైన్ పెడలు కాలితో తొక్కి ఉంచి, కుడి చేత్తో రొట్టె ముక్క తీసుకుంటాడు. కప్పు తీసుకుని స్పీకరు బాక్సు మీద పెట్టుకుని పాట అయ్యాక తాగుతాడు. అది వచ్చినప్పటి సంగతి. రాని రోజులు కూడా ఉన్నాయి. డీకను గారు క్వయిరు దాకా ఇచ్చుకుని అక్కడినుంచి అటే తిరిగి బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. నా పక్కనే జరిగింది. "పిలవలేకపోయావా?" అంటే "ఎలాగ పిలుస్తానక్కా, వాయిస్తన్నాను కదా" అన్నాడు. సంఘమంతా ఒకే రొట్టెలో పాలివాళ్ళమని చెప్పుకునే వేళ, ఆ వేళకి సంగీతం ఇస్తున్నవాడికే పళ్ళెం అందలేదు. డీకను గారు చెడ్డవారు కాదు. ఆయన కంటికి అక్కడ కీబోర్డు కనబడింది, మనిషి కనబడలేదు.

ఈ తమ్ముడు మచ్చలేనివాడని నేను రాయడం లేదు. పండగ రోజుల్లో ప్యాడ్సు (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) వాయించే కుర్రాడితో పోటీ పడి వాల్యూము పెంచేస్తాడు, చరణంలో మాట ఒక్కటీ వినబడదు. చెప్తే ముఖం మాడ్చుకుని రెండు వారాలు మాట్లాడడు. ప్రాక్టీసుకి ఆలస్యంగా వస్తాడు. కానీ ఒక విషయంలో మాత్రం అతని మీద నాకు చాలా గౌరవం ఉంది. ప్రసంగం చివర ప్రార్థన జరుగుతుంటే వెనకాల కీబోర్డు సన్నగా మోగించడం ఇప్పుడు అన్ని చర్చిల్లోనూ ఉంది. జనం గుండె కరగడానికి అది ఎంత పనికొస్తుందో వాయించేవాళ్ళకి బాగా తెలుసు. పాస్టరు గారి గొంతు పెరిగినప్పుడు ఒక మైనరు కార్డు వేసి, కింద స్ట్రింగ్సు (వయొలిన్లలాంటి మోత) మెల్లగా పెంచితే ముందు వరసలో కళ్ళనీళ్ళు వచ్చేస్తాయి. తమ్ముడు పాపపు ఒప్పుకోలు ప్రార్థన మొదలవగానే చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంటాడు. ఎందుకని అడిగితే చెప్పిన మాట ఇది: "నానైతే ఏడిపించీగలనక్కా. అప్పుడు ఆల్లు దేవుడి దగ్గర ఏడిసినారో నా సెయ్యికి ఏడిసినారో ఎలాగ తెలుస్తాది?"

ఈ ప్రశ్న వేసుకున్న కుర్రాడు వేదాంత కళాశాలలో చదవలేదు, ఇంటరు మధ్యలో ఆపేశాడు. ఆమోసు గ్రంథం 5వ అధ్యాయంలో మీ పాటల ధ్వని నా దగ్గరనుంచి తీసెయ్యండి అన్న దేవుడి మాట మీద ప్రసంగాలు నేను చాలా విన్నాను. ఆ మాట తన చేతుల్లోకి దిగిన మనిషిని ఇతనిలో చూశాను. అలాగని సంగీతం వద్దనేవాడా? కాదు. రాజులు రెండవ గ్రంథం 3వ అధ్యాయంలో ముగ్గురు రాజులు యుద్ధానికి వెళ్తూ నీళ్ళు లేక ప్రవక్త ఎలీషా దగ్గరికి వస్తే, ఆయన ముందు వాయించేవాణ్ణి తీసుకురమ్మన్నాడు. వాయిస్తుండగా ప్రవచనం వచ్చింది. అంత పని జరిగింది ఆ వాయిద్యంతో. ఆ అధ్యాయంలో ఇశ్రాయేలు రాజు పేరుంది, యూదా రాజు పేరుంది, శత్రువైన మోయాబు రాజు పేరుంది. వాయించినవాడి పేరు లేదు.

కానీ బైబిల్లో వాయించేవాళ్ళకి పేర్లే లేవనుకుంటే పొరపాటు. దినవృత్తాంతములు మొదటి గ్రంథం 25వ అధ్యాయం తీయండి. మనం చదవకుండా దాటేసే అధ్యాయాల్లో అదొకటి. దావీదు కాలంలో దేవుని మందిరంలో సంగీతం నడిపిన ఆసాపు, హేమాను, యెదూతూను కుమారులకి చీట్లు వేసి వంతులు పంచిన చిట్టా అది. 24 చీట్లు, చీటీకి 12 మంది చొప్పున 288 మంది. ప్రతి చీటీ ఎవరి పేరున పడిందో రాసిపెట్టారు. చిన్నా పెద్దా లేదు, గురువూ శిష్యుడూ తేడా లేదు, అందరికీ ఒకటే పద్ధతి. వంతులున్నాయంటే అర్థమేమిటి? ఒక వంతు వాళ్ళు వాయిస్తుంటే మిగతా 23 వంతుల వాళ్ళకి వేరే రోజులున్నాయి. మనం ఒక్క కుర్రాణ్ణి పెట్టుకుని ఏడాదిలో అన్ని ఆదివారాలూ అతనితోనే లాగిస్తున్నాం. జ్వరం వచ్చి రాకపోతే "ఆత్మీయంగా చల్లబడ్డాడు" అన్నవాళ్ళని నా చెవులతో విన్నాను.

డబ్బు మాట ఎత్తగానే మా పెద్దలు మత్తయి సువార్త 10వ అధ్యాయం 8వ వచనం చూపిస్తారు. ఉచితంగా పొందారు, ఉచితంగా ఇవ్వండి అని. మంచి వచనం. దాని తరవాత రెండు వచనాలు చదివితే, 10వ వచనంలో, పనివాడు తన ఆహారానికి తగినవాడని ఆయనే అన్నాడు. ఒకే ఊపిరిలో చెప్పిన రెండు మాటల్లో మొదటిది వాయించేవాడికి, రెండోది పాస్టరు గారికి అని ఎవరు పంచారు? పాస్టరు గారికి జీతం ఇవ్వడం తప్పని ఎవరం అనం, అనకూడదు కూడా. వాచ్‌మన్‌కి ఇస్తాం. మైకు సెట్టువాడికి అడ్వాన్సు ఇచ్చి మరీ మాట్లాడుకుంటాం. కన్వెన్షనుకి బయటినుంచి పాటగాళ్ళని పిలిస్తే రైలు టికెట్టు, లాడ్జి, కవరు అన్నీ ఏర్పాటు చేస్తాం. సొంత చర్చి కుర్రాడి దగ్గరికి వచ్చేసరికే పరిచర్య అన్నమాట గుర్తొస్తుంది.

యెరూషలేము గోడలు కట్టించిన అధిపతి నెహెమ్యా ఏం చేశాడో చూడండి. ఆయన కొన్నాళ్ళు యెరూషలేములో లేడు. తిరిగొచ్చి చూస్తే దేవాలయంలో పాడేవాళ్ళు లేరు. ఏమయ్యారంటే, రావలసిన వాటాలు రాక ఎవరి పొలానికి వాళ్ళు వెళ్ళిపోయారు. 13వ అధ్యాయం, 10వ వచనం. ఆయన ఆ పాటగాళ్ళ భక్తి తగ్గిందని తిట్టలేదు. అధికారుల మీద కేకలేశాడు, దేవుని మందిరాన్ని ఎందుకు వదిలేశారని. పాడేవాళ్ళని మళ్ళీ పిలిచి వాళ్ళ చోట్లలో నిలబెట్టాడు. అప్పుడు యూదావాళ్ళంతా ధాన్యం, ద్రాక్షరసం, నూనె పదోవంతు తెచ్చి ఇచ్చారు. మన పల్లె చర్చిల్లోంచి విశాఖకో హైదరాబాదుకో వెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, స్టూడియోల్లో చేరిపోయిన కుర్రాళ్ళు ఎంతమందో మీ మీ సంఘాల్లో లెక్కేసుకోండి. "లోకంలో కలిసిపోయాడు" అంటాం. పొలానికి వెళ్ళాడు, అంతే. వాటా ఇవ్వనిది మనం.

"ఇప్పుడు ట్రాకులు దొరుకుతున్నాయి కదా, పెన్ డ్రైవులో వేసుకుంటే సరిపోతుంది" అని ఒక కమిటీ మెంబరు గారు సలహా ఇచ్చారు. ట్రాకు మామ్మగారి కోసం ఆగదు. మూడో చరణం దగ్గర ఎవరికో దుఃఖం వచ్చి పల్లవి ఇంకోసారి పాడదామనుకుంటే ట్రాకు ముందుకెళ్ళిపోతుంది. సంఘం పాడే పాట సంఘం ఊపిరితో నడవాలి. ఆ ఊపిరి వినే మనిషి ఒకడు అక్కడ కూర్చోవాలి. దీని మీద నేను ఇంతకంటే వాదించను.

మన ఊళ్ళోనే సంగీత కళాశాల ఉంది. 1919లో విజయరామ గజపతి మహారాజు గారు పెట్టినది. తన కొలువులో ఉన్న ఒకాయన కొడుకుకి చూపు లేదనీ, ఆ పిల్లాడు సంగీతం నేర్చుకోవాలనీ మొదలుపెట్టారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ఘంటసాల గారు అక్కడే చదువుకున్నారు. ఒక పిల్లాడి కోసం తలపెట్టిన బడి ఎంతమందికి అన్నం పెట్టిందో చూడండి. మన సంఘాల్లో ఎన్ని లక్షలు టైల్సుకీ, ఎల్‌ఈడీ స్క్రీన్లకీ పోస్తున్నామో అందరికీ తెలుసు. వాయించే పిల్లల్లో ఒకరిద్దరిని అలాంటి చోట సాయంత్రం క్లాసులో చేర్చి ఫీజు కట్టడం మనకి పెద్ద భారమా? రాగం తెలిసిన చెయ్యి ఒకటి సంఘంలో ఉంటే ఆ కీర్తనల పుస్తకం ఇంకో తరం బతుకుతుంది. లేకపోతే నంబర్లు మాత్రం మిగులుతాయి.

ఎరగడం అంటే ఏం చెయ్యాలని నన్ను ఒక అక్క అడిగింది. పెద్దగా ఏం లేదు. శనివారం ప్రాక్టీసుకి ఒకసారి వెళ్ళి కూర్చోండి. ఆరాధన అయ్యాక అందరూ షేక్‌హ్యాండ్‌లిచ్చుకుంటూ బయటికి వెళ్తున్నప్పుడు అతను వైర్లు చుడుతుంటాడు, ఒక వైరు మీరు చుట్టండి, మాటలు వాటంతటవే వస్తాయి. వాళ్ళింటికి వెళ్ళండి. నేను వెళ్ళాకే శనివారం కూలీ సంగతి తెలిసింది. లేకపోతే ఈ వ్యాసమే లేదు. పాట బాగుందని చెప్పేటప్పుడు ఏది బాగుందో చెప్పండి. "ఆ రెండో చరణం దగ్గర ఆపి మళ్ళీ అందుకున్నావు చూడు" అంటే అతని ముఖం ఎలా విప్పారుతుందో మీరే చూస్తారు. తన పనిని ఎవరో విన్నారని తెలియడం వాయించేవాడికి కూలీ అంత అవసరం. అయితే కూలీ బదులు అది కాదు.

మా సంఘం జనరల్ బాడీలో ఈ పద్దు గురించి నేను లేచి మాట్లాడాను. కొంతమందికి నచ్చలేదు. ఇవాళ కీబోర్డుకి ఇస్తే రేపు ప్యాడ్సు, ఎల్లుండి క్వయిరు అడుగుతాయి అన్నారు. క్వయిరుదాన్నే కదా, మేము అడగమని అక్కడే చెప్పాను. మేము వారానికొక గంట పాడి ఇంటికెళ్ళిపోతాం, మాకు ఎవరి కూలీ పోవడం లేదు. ప్యాడ్సు అబ్బాయికి ఇవ్వాల్సి వస్తే ఇద్దాం, అందులో భయపడాల్సిందేముంది? నెలకి ఇంత అని ఒక స్థిరమైన మొత్తం, డిసెంబరుకి విడిగా ఇంకొంత, సంగీతం నేర్చుకునే పిల్లల ఫీజుకి కోత పండగ కానుకలోంచి ఒక భాగం, నెలలో ఒక ఆదివారం అతనికి సెలవు, ఇవి నేను రాసిచ్చినవి. సెలవు మాత్రం అందరూ ఒప్పుకున్నారు. డబ్బు దగ్గర ఇంకా చర్చ నడుస్తోంది. ట్రెజరరు గారు మాత్రం కొత్త రిజిస్టరులో ఆ పద్దుకి ఒక పేజీ వదిలారు.

మీ సంఘంలో కూడా డిసెంబరు రాకముందే ఈ మాట ఎత్తండి. ఎత్తినప్పుడు ఆ కుర్రాణ్ణి బయట కూర్చోమని పంపకండి. శనివారం కూలీ ఎంత పోతోందో, డిసెంబరులో ఎన్ని రాత్రులు ఇంటికి రాలేడో, ఏది కావాలో ఏది వద్దో అతని నోటితోనే వినండి, మినిట్స్ పుస్తకంలో అతని పూర్తి పేరుతో రాయండి.